మాస్కు కింద గడ్డం

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లు. వాళ్లు ప్రస్తావించే పేరున్న మనుషులు, కేసులు, సంవత్సరాలు మాత్రం కల్పన కాదు.

ఒకరు హైకోర్టు వకీలు, అరవై దాటినవాడు. రెండోవారు ఆయన మేనకోడలు, మత్తు డాక్టరు. 2020లో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో ఎవరికి ఏ మాస్కు సరిపోతుందో తేల్చే పని ఆమెదే. ఇద్దరూ హైదరాబాదు అత్తాపూర్ దగ్గరి సిఖ్ ఛావ్నీలో పుట్టినవాళ్లు. 1830ల్లో మహారాజా రంజిత్ సింగ్ రాజ్యం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఫౌజు సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు.

ఆయన తల మీద పాగా లేదు. 1984 నవంబరు మొదట్లో, ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు, అక్కడ లా చదువుతూ కత్తిరించుకున్న జుట్టు మళ్లీ పెంచలేదు. ఆమె పేరు చివర కౌర్ అన్నది చదివితే తప్ప సిక్కు అని ఎవరూ పోల్చరు. గడ్డం గురించి ఇంతసేపు వాదించుకోబోయే ఇద్దరికీ గడ్డం లేదన్నమాట. ఇది పాఠకుడికి ముందే తెలియడం న్యాయం.

వకీలు: మాంట్రియల్ అన్నదమ్ముల సంగతి తెచ్చింది నువ్వు. నువ్వే చెప్పు.

డాక్టరు: చెప్పడానికేముంది మామాజీ, పేపర్లలో వచ్చిందే. 2020 మే నెల. ఇద్దరూ డాక్టర్లు, ఒకాయన ఎమర్జెన్సీలో, ఇంకొకాయన న్యూరోసర్జన్. గడ్డం మీద ఎన్-95 కుదరదు. కోవిడ్ రోగుల్ని చూడబోమని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. మతపెద్దల్ని, ఇంటివాళ్లను, స్నేహితులను అడిగారు, ఆలోచించుకున్నారు, గడ్డాలు తీసేశారు. నేను ఆ వార్త చదివిన రోజు మా ఐసీయూలో ఖాళీ మంచం లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

వకీలు: లోకమంతా చప్పట్లు కొట్టింది.

డాక్టరు: కొట్టకూడదా?

వకీలు: ఆ అన్నదమ్ములకు నేనూ దండం పెడతాను. అనుమానమల్లా చప్పట్ల మీదే. సిక్కు డాక్టరు ముప్పై ఏళ్లు గడ్డంతో పనిచేస్తే వార్త కాదు. ఒక్కరోజు తీసేస్తే వార్త. ఎంత గొప్ప త్యాగం అన్నారు. గడ్డం ఉన్నా పనిచేసే పరికరం ఉందా, ఉంటే ఎన్ని ఉన్నాయి, లేకపోతే ఎందుకు లేవు అని అడిగినవాళ్లు ఎంతమంది? మనిషి తనలో ఒక ముక్క కోసి ఇస్తే త్యాగమంటాం. అదే సంస్థను నాలుగు రూపాయలు తియ్యమంటే ఖర్చు అంటాం, దానికి కమిటీ వేస్తాం.

డాక్టరు: మీరనే పరికరం పేరు పీఏపీఆర్. తల మీద హుడ్ తొడుగుతారు, నడుముకు మోటారు కడతారు, ఫిల్టరు చేసిన గాలిని అది లోపలికి తోస్తుంది. ముఖానికి అతుక్కునే పని లేదు, కాబట్టి గడ్డం అడ్డం కాదు. ఒప్పుకుంటాను. అది తొడుక్కుని మీరెప్పుడైనా స్టెతస్కోపు పెట్టి చూశారా? చెవుల్లో మోటారు హోరు తప్ప ఏమీ వినిపించదు. ఒక్కదాని డబ్బుకు వందల మాస్కులు వస్తాయి. 2020 ఏప్రిల్‌లో మాకు మామూలు మాస్కులకే దిక్కులేదు. ఒకే మాస్కును ఆరబెట్టి మళ్లీ వాడుకున్నాం. అప్పుడు మీరొచ్చి హుడ్లు కొనమంటే ఎవరు వింటారు?

వకీలు: ఏప్రిల్‌లో వినరు. 2022లో వినొచ్చుగా? 2023లో?

డాక్టరు: ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు నేను చేసింది చెప్పనివ్వండి. మా దగ్గర ఒక జూనియర్ ఉండేవాడు, దీక్ష తీసుకున్న అమృత్‌ధారీ సిక్కు. కేశం తీయించుకునే ప్రశ్నే లేదు. అతణ్ణి ఐసీయూలోకి పంపనన్నది నేనే.

వకీలు: గడ్డం చూసి?

డాక్టరు: పరీక్ష చేసి. మన దగ్గర పద్ధతిగా ఫిట్ టెస్టు చేసిన ఆసుపత్రులు అప్పట్లో తక్కువ, మేం చేశాం. మాస్కు పెట్టించి, తల మీద ప్లాస్టిక్ హుడ్ వేసి, లోపలికి సాకరిన్ నీళ్లు తుంపరగా కొడతాం. తల ఎడమకు కుడికి తిప్పాలి, పైకి కిందికి చూడాలి, గట్టిగా ఏదైనా చదవాలి. నాలుకకు తీపి తగిలితే మాస్కులో సందు ఉన్నట్టే. అతనికి హుడ్ వేసిన కాసేపటికే తీపి తగిలింది. ఆ సందులో సాకరిన్ దూరితే వైరస్ దూరదా? గొట్టం వేసేటప్పుడు రోగి నోటికి మా ముఖాలు జానెడు దూరంలో ఉంటాయి.

వకీలు: పంపకపోవడం సరే. తర్వాత ఏం చేశావు?

డాక్టరు: టెలిఫోన్ డ్యూటీ వేశాను. రోగుల బంధువులకు రోజూ కబురు చెప్పే పని. చాలా బాగా చేశాడు. కానీ అతని ఐసీయూ డ్యూటీలు ఇంకో ఇద్దరి మీద పడ్డాయి. అందులో ఒకమ్మాయికి కోవిడ్ వచ్చింది. బతికింది, బాగానే ఉంది. అయినా ఆ పిల్ల తల్లి నాకు ఫోన్ చేసి అడిగిన మాట మీకు చెప్పను. నమ్మకం అతనిది, ప్రమాదం ఆమెది. మీ కోర్టులో దీనికేమంటారు?

వకీలు: మా కోర్టులో ఏమంటారో తర్వాత చూద్దాం, కెనడా కోర్టులో ఏమన్నారో విను. భిండర్ అని ఒక ఎలక్ట్రీషియన్, కెనడియన్ నేషనల్ రైల్వేలో, టొరంటో యార్డులో. నాలుగేళ్లకు పైగా పాగాతోనే పనిచేశాడు. 1978 డిసెంబరు నుంచి యార్డులో అందరూ గట్టి టోపీ పెట్టుకోవాలన్నారు. ఆయన పెట్టుకోనన్నాడు. ఉద్యోగం పోయింది. మానవ హక్కుల ట్రిబ్యునల్ ఏం తేల్చిందో తెలుసా? టోపీ లేకపోతే ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది, అదీ అతనికే, పక్కవాడికి కాదు అని. అయినా 1985లో సుప్రీంకోర్టు రైల్వే పక్షాన తీర్పు ఇచ్చింది. నియమం నిజాయితీగా పెట్టింది, అందరికీ ఒకటే, కాబట్టి చెల్లుతుంది అంది. ఐదేళ్ల తర్వాత ఒక పాల ఫ్యాక్టరీ కార్మికుడి కేసులో అదే కోర్టు, భిండర్ తీర్పులోని తర్కం తప్పని రాసింది. చట్టం దిద్దుకుంది. భిండర్‌కు ఒరిగిందేముంది?

డాక్టరు: ఆ కేసు నాకు పనికొస్తుంది మామాజీ, మీకు కాదు. భిండర్ ప్రమాదం భిండర్‌దే అన్నారుగా. మాస్కు విషయంలో అలా కాదు.

వకీలు: ఒప్పుకుంటాను. నీ వాదనలో బలమైన చోటు అదే.

డాక్టరు: అంతేకాదు, "అతని తల అతనిష్టం" అన్న మాటే నేను ఒప్పుకోను. పాగా కట్టినవాళ్లు హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు నడపొచ్చని బ్రిటన్ 1976లో చట్టం చేసింది. మన మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షనూ అదే చెప్తుంది. రోడ్డు మీద పగిలిన తల రాత్రి రెండింటికి నా బల్ల మీదికే వస్తుంది. దానికి పాగా ఉందా టోపీ ఉందా అని నేను అడగను. కానీ అది అతని సొంత వ్యవహారం అని మాత్రం ఆ రాత్రి నాతో ఎవరూ అనకండి.

వకీలు: (నవ్వి) ఇదే మాట నువ్వు గురుద్వారాలో లేచి అంటే బాగుంటుంది.

డాక్టరు: అన్నాను. లంగర్ వంటశాలలో రొట్టెలు చేస్తున్నప్పుడు అన్నాను. నా పక్కన పిండి పిసుకుతున్నావిడ నాలుగు రోజులు మాట్లాడలేదు.

వకీలు: సరే. ఒకటడుగుతాను, నిజం చెప్పు. నీ ఫిట్ టెస్టు మొదటిసారే పాసయ్యిందా?

డాక్టరు: లేదు. నా ముఖం చిన్నది. మొదట ఇచ్చిన మాస్కు ముక్కు పక్కన పట్టలేదు.

వకీలు: ఏం చేశారు?

డాక్టరు: చిన్న సైజు తెప్పించారు.

వకీలు: నీకు సైజు మార్చారు. వాడికి డ్యూటీ మార్చారు.

డాక్టరు: ...

వకీలు: నీ ముఖం చిన్నదైతే తప్పు మాస్కుది. వాడి ముఖానికి గడ్డముంటే తప్పు వాడిది. ఆ మాస్కును మొదట ఏ ముఖాలు కొలిచి చేశారు? ఆడవాళ్ల ముఖాలు ఎంతమందివి కొలిచారు, ఆసియావాళ్లవి ఎంతమందివి? నియమం ఎక్కడి నుంచో ఊడిపడదు బేటా. ఎవరి కొలతకో కుట్టిన చొక్కా అది. వాళ్లకు సరిగ్గా ఉంటుంది కాబట్టి అది చొక్కా అని కూడా వాళ్లకు తోచదు.

ఇక్కడ నేను ఒక్క మాట. వకీళ్లకు ఉపమానం దొరికిందంటే కేసు గెలిచినట్టే ఉంటుంది. డాక్టరుకు అది తెలుసు.

డాక్టరు: చొక్కా బాగుంది. కానీ గడ్డం మీద గాలి చొరబడకుండా అతికే మాస్కు ఏ కొలతతోనూ రాదు. వెంట్రుకల మధ్య సందు ఉంటుంది. అది ఎవరి దురభిప్రాయమూ కాదు, భౌతికశాస్త్రం.

వకీలు: అమెరికా సైన్యమూ చాలాకాలం అదే అంది, గ్యాస్ మాస్కు గడ్డం మీద అతకదని. తేజ్‌దీప్ సింగ్ రత్తన్ అని దంతవైద్యుడు, సైన్యంలో కెప్టెన్. 2010లో టెక్సాస్‌లో శిక్షణ పూర్తిచేశాడు, పాగాతో, గడ్డంతో. శిక్షణలో గ్యాస్ మాస్కు పెట్టించారు. అతికింది. అంతకుముందు ఎంతమంది సిక్కుల్ని ఆ ఒక్క మాట చెప్పి వెనక్కి పంపి ఉంటారు? పరీక్షించి పంపారా, ఊహించి పంపారా?

డాక్టరు: ఒకడికి అతికితే అందరికీ అతుకుతుందని కాదు.

వకీలు: కాదు. ఒక్కొక్కరినీ పరీక్షించాలి అని. ఇంకోటి. ఠాఠా తెలుసుగా?

డాక్టరు: తెలీకేం. నాన్న పొద్దున్నే గడ్డానికి కట్టుకునే గుడ్డ. గడ్డం అణిగి కూర్చునేదాకా విప్పేవాడు కాదు. చిన్నప్పుడు నాకు నాన్నకు పన్నునొప్పేమో అనిపించేది.

వకీలు: కోవిడ్ మొదటి ఏడాదే బ్రిటన్‌లో కొందరు వైద్యులు ఆ ఠాఠానే తీసుకున్నారు. గుడ్డకు బదులు సాగే రబ్బరు పట్టీ. గడ్డం మొత్తం కప్పేలా చుబుకం కింది నుంచి తెచ్చి నడినెత్తిన ముడి వేసి, దాని మీద మాస్కు పెట్టారు. అంటే మాస్కు అతుక్కునేది వెంట్రుకల మీద కాదు, రబ్బరు మీద. నువ్వు చెప్పిన ఫిట్ టెస్టే చేశారు. 27 మందిలో 25 మంది పాసయ్యారు. ఆసుపత్రి అంటురోగాల పత్రికలో అచ్చయ్యింది. సింగ్ ఠాఠా అనే పేరు పెట్టారు.

డాక్టరు: చదివాను. 27 మంది అంటే చిన్న పరీక్ష. ఎనిమిది గంటల షిఫ్టులో చెమట పడితే ఆ రబ్బరు జారదా? రోగిని తిప్పుతూ, వంగుతూ, సీపీఆర్ చేస్తూ ఉంటే? నాకు ఆ జవాబులు కావాలి.

వకీలు: నీకు కావాల్సిన జవాబులు ఎవరు తేవాలి?

డాక్టరు: పరిశోధన చేసేవాళ్లు.

వకీలు: చేసిందెవరు? గడ్డమున్నవాళ్లే. నేననేదీ అదే. తన గడ్డానికి తానే కేసు వేసుకోవాలి, తానే ప్రయోగం చేసుకోవాలి, తానే పేపర్ రాసుకోవాలి. పగలు మామూలు డాక్టరు, రాత్రి జాతి ప్రతినిధి. దీన్నే మీరంతా ప్రజాజీవితం అంటున్నారు.

డాక్టరు: అసలు ఆ రెండో ఉద్యోగం ఎందుకు చెయ్యాలి అన్నదే నా ప్రశ్న. నన్ను ఎవరూ అడగరు, ఎందుకంటే నా తల మీద ఏమీ లేదు. మా జూనియర్‌ను మాత్రం ప్రతి రోగీ అడుగుతాడు, పంజాబ్ నుంచి ఎప్పుడొచ్చారు అని. వాడిది ఛావ్నీయే! వాడి ముత్తాత కూడా ఇక్కడే పుట్టాడు. 2021లో ఆక్సిజన్ సిలిండర్లకు కరువొచ్చి, ఘజియాబాద్ ఇందిరాపురం గురుద్వారా బయట ఆక్సిజన్ లంగర్ పెట్టినప్పుడు, ఇక్కడ ఒక టీవీ వాళ్లు వాడికి ఫోన్ చేశారు, సిక్కుల సేవాభావం గురించి నాలుగు మాటలు చెప్పమని. వాడు అప్పుడే నైట్ డ్యూటీ దిగాడు. నేను మత్తు డాక్టరును, వెంటిలేటర్ల గురించి అడగండి చెప్తాను అన్నాడట. వాళ్లు పెట్టేశారు. నాకు వాడు చెప్పిందే సరి అనిపించింది. మంచి పని చేస్తే చాలు. ప్రతి సర్దార్‌జీ ఒక రాయబారిగా బతకనక్కర్లేదు.

వకీలు: అక్కర్లేదనుకుంటే సరిపోతే బాగుండును. అరిజోనా రాష్ట్రం మీసా ఊళ్లో బల్బీర్ సింగ్ సోధీ పెట్రోలు బంకు నడుపుకునేవాడు. 2001 సెప్టెంబరు 15న బంకు ముందు మొక్కలు నాటిస్తుంటే కాల్చి చంపారు. ట్విన్ టవర్లు కూలి నాలుగు రోజులు. ఆయనకేం ప్రజాజీవితం? ఎవరి తరఫున మాట్లాడాడు? పాగా చూసి అవతలివాడు తేల్చేసుకున్నాడు. నువ్వు తలుపు వేసుకున్నా అది బయట నుంచి వస్తుంది.

డాక్టరు: అందుకనే దలీప్ సింగ్ సౌంద్ పాగా తీసేశాడా?

వకీలు: ఎందుకు తీశాడో నీకూ నాకూ తేల్చే హక్కు లేదు. కానీ ఆ మనిషి కథ చూడు. బర్క్‌లీలో గణితంలో డాక్టరేటు. 1920ల కాలిఫోర్నియాలో ఆ డిగ్రీకి ఉద్యోగం దొరకలేదు, పొలంలోకి దిగాడు. భారతీయులకు పౌరసత్వం ఇవ్వొచ్చని 1946లో చట్టం వచ్చేదాకా పోరాడాడు, 1949లో పౌరుడయ్యాడు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కు గెలిచాడు. ఆసియా నుంచి వచ్చినవాళ్లలో ఆయనే మొదటివాడు. నున్నగా గీసిన ముఖం, పాగా లేదు. అరవై ఏళ్ల తర్వాత కెనడాలో హర్జిత్ సజ్జన్ పాగాతో రక్షణ మంత్రి అయ్యాడు. మధ్యలో ఏం జరిగింది? మనుషులు మంచివాళ్లైపోయారా? బస్సు డ్రైవర్లు కొట్లాడారు. వోల్వర్‌హాంప్టన్‌లో తర్సెమ్ సింగ్ సంధూ 1967లో పాగాతో, గడ్డంతో డ్యూటీకి వస్తే ఇంటికి పంపేశారు. రెండేళ్లు నలిగింది. చివరికి ఇంకొక పెద్దమనిషి ఒంటికి నిప్పంటించుకుంటానంటే 1969లో నిషేధం ఎత్తేశారు. బల్తేజ్ సింగ్ ధిల్లాన్ 1988లో కెనడా మౌంటెడ్ పోలీసులో ఉద్యోగం అడిగాడు, అంతే. పాగా వద్దంటూ లక్షకు పైగా సంతకాలు పెట్టారు. ఎగతాళి బొమ్మలతో బ్యాడ్జీలు, క్యాలెండర్లు అమ్మారు. 1990లో నియమం మారింది. 2025లో ఆయన సెనేటర్ కూడా అయ్యాడు. కానీ మొదట అడిగింది మాత్రం ఒక ఉద్యోగం.

డాక్టరు: మీరు చెప్పేవన్నీ గెలిచినవాళ్ల కథలు. పైగా అన్నీ మగవాళ్ల తలలు, మగవాళ్ల గడ్డాలు. మన ఇంట్లో లంగర్ కూరగాయలు తరిగే ఆడవాళ్లూ సిక్కులే, టీచర్లున్నారు, నర్సులున్నారు. బ్రిటిష్ కామన్స్ సభకు మొదటిసారి పాగాతో వెళ్లింది తన్ ఢేసీ, 2017లో. మొదటి సిక్కు మహిళగా ప్రీత్ కౌర్ గిల్ వెళ్లిందీ అదే ఎన్నికల్లో. గురుద్వారాలో ఎవరి ఫోటో ఎక్కువమంది ఫోన్లలో తిరిగిందో మీకు గుర్తుందా?

వకీలు: ఢేసీది.

డాక్టరు: అదీ సంగతి. కనిపించే గుర్తు లేనివాళ్లను మీరే మనవాళ్లలో సగం లెక్కేస్తారు.

వకీలు: నన్నూ సగమే లెక్కేస్తారులే.

డాక్టరు: అది నేనన్నానా?

వకీలు: నువ్వనలేదు. జుట్టు కత్తిరించుకున్న మోనా వకీలు అని నా వెనక అంటారు, వింటూనే ఉన్నాను. ఫూల్కా గురించి విన్నావుగా. నాకంటే కొంచెం పెద్ద. 84లో ఢిల్లీలోనే యువ వకీలు. ఆయన పాగా తియ్యలేదు, ఢిల్లీలోనే ఉండిపోయాడు, ఊచకోత బాధితుల కేసులు పట్టుకున్నాడు. నేను ఆ నెలలోనే హైదరాబాదు రైలెక్కాను. ఢిల్లీ ఒక్కచోటే 2,733 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క తేల్చింది. మన్మోహన్ సింగ్ 2005 ఆగస్టులో రాజ్యసభలో లేచి, సిగ్గుతో తల దించుకుంటున్నానని చెప్పి క్షమాపణ అడిగాడు. ఆ క్షమాపణ అడిగిన నోరూ మనదే, వినాల్సిన చెవులూ మనవే. నాకు అది గర్వమో అవమానమో ఈనాటికీ తెగలేదు.

డాక్టరు: ఆయన ప్రధానిగా అడిగారు, సిక్కుగా కాదు.

వకీలు: ఆ పాగా ప్రధానిదా, సిక్కుదా?

డాక్టరు: చూశారా, మళ్లీ అక్కడికే వస్తారు! ఆ మనిషి 1991 బడ్జెట్ రాశాడు, పదేళ్లు ప్రధానిగా ఉన్నాడు. ఒక్క ఉదయమైనా పాగా గురించి ఆలోచించకుండా ఫైలు చూసుకునే హక్కు ఆయనకు ఉండకూడదా? ఫూల్కానే తీసుకోండి. 2017లో పంజాబ్ అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకుడయ్యారు, కేబినెట్ హోదా. ఆ హోదాలో ఉండగా కోర్టులో వాదించకూడదని బార్ కౌన్సిల్ అంటే పదవే వదిలేశారు. మరుసటి ఏడాది డిసెంబరులో 84 కేసులో ముద్దాయి సజ్జన్ కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది. పదవిని కాదు, వృత్తిని ఉంచుకున్నారు. ఆయన నా పక్షం మామాజీ.

వకీలు: ఆ వృత్తిలో ఆయన ముప్పై ఏళ్లకు పైగా వాదించింది ఎవరి కేసు? నీ పక్షం అంటున్నావు!

డాక్టరు: సరే, చెరిసగం.

వకీలు: ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు రా. తర్వాత చెప్తానన్నావు. రేపు ఇంకో జబ్బు వస్తుంది. మీ ఆసుపత్రి రాసిపెట్టుకున్న నియమాల్లో గడ్డం గురించి ఏముంది?

డాక్టరు: "గడ్డం ఉన్న సిబ్బందికి బిగుతు మాస్కు డ్యూటీ వేయరాదు."

వకీలు: అంతేనా? హుడ్ మాట?

డాక్టరు: లేదు.

వకీలు: ఠాఠా మాట?

డాక్టరు: లేదు. నేను రాయలేదు.

వకీలు: ఎందుకు రాయలేదు?

డాక్టరు: అడిగినవాళ్లు లేరు. మా జూనియర్ చదువైపోయి వేరే ఊరు వెళ్లాడు. ఇప్పుడు ఆ విభాగంలో గడ్డమున్నవాళ్లు ఎవరూ లేరు.

వకీలు: ఆ నియమం చదివినవాడు ఎవడైనా మీ విభాగంలో చేరతాడా?

డాక్టరు: అది... మీరు కోర్టులో అడిగినట్టు అడుగుతున్నారు.

వకీలు: ఇంట్లోనే అడుగుతున్నాను. రెండు హుడ్లు కొనమని, ఠాఠా పరీక్ష మీ దగ్గరా చేసి చూడమని ఒక కాగితం రాసి ఇస్తాను, మీ సూపరింటెండెంటుకు పెట్టు.

డాక్టరు: కాగితం నేనే రాసుకోగలను. హుడ్‌లకు ఒప్పుకుంటాను. ఠాఠాకు మాత్రం ఎనిమిది గంటలు కట్టుకుని పనిచేసి చూపించే మనిషి కావాలి నాకు. మీకు గడ్డం లేదు.

వకీలు: పెంచడానికి ఎన్నాళ్లు పడుతుంది?

డాక్టరు: పరీక్ష కోసం అయితే మూడు నెలలు చాలు. ఇంకే కారణం కోసమో అయితే నన్నడగకండి.